పన్నెండు మంది హాజరు

నెలకోసారి సమితి గదిలో కుర్చీలు వేసే పని నాది. పద్దెనిమిది ఎర్ర ప్లాస్టిక్ కుర్చీలు, ఒక బల్ల, బల్ల మీద పూల గుడ్డ, దాని మీద రబ్బరు ముద్ర, హాజరు పుస్తకం. అన్నీ సర్ది తలుపు పక్కన నిలబడతాను. ఆడవాళ్ళు వస్తారు. చెప్పులు బయట విప్పి, కుర్చీల వంక చుట్టాలింట్లో కొత్త పరుపును చూసినట్టు చూసి, గోడవారగా నేల మీదే కూర్చుంటారు. "కుర్చీ ఎక్కితే కాళ్ళెక్కడ పెట్టుకోవాలో తెలీదే పిల్లా," అంటుంది పై ఇంటి ఆమ. ఆమెకు డెబ్బై దాటాయి, ఊరందరికీ ఆమె నాయనమ్మ లెక్క. స్వెటర్ అల్లుకోవాలన్నా, గడ్డి మోసే తాడు పేనుకోవాలన్నా వాళ్ళకు నేలే నయం. మీటింగ్ అయ్యాక, ఎవరూ కూర్చోని ఆ కుర్చీలను ఒకదాని మీద ఒకటి పేర్చి మూలకు నెడతాను.

మా ధుర్‌కోట్ అటవీ సమితికి ఇప్పుడు రిజిస్టరు నంబరు ఉంది, ముద్ర ఉంది, అధ్యక్షురాలు ఉంది. అడవి కాపలాకు ఎవరు ఏ రోజు వెళ్ళాలో కాగితం మీద గళ్ళు గీసి గోడకు అంటించారు. నలుగురేసి వెళ్తారు, తిరిగొచ్చి సంతకం పెడతారు, సంతకం రానివాళ్ళు వేలిముద్ర వేస్తారు. అంతా సవ్యంగానే ఉంది. మా బాంజ్ చెట్లు, అదే కొండ ఓక్ చెట్లు, మాకు దక్కాయి. అయినా కుర్చీలు పేర్చేటప్పుడల్లా నాకు ఈ గది, ఈ గళ్ళ కాగితం లేని రోజులు గుర్తొస్తాయి. ముఖ్యంగా రెండేళ్ళ కిందటి ఆశ్వయుజంలో ఒక పదిహేను రోజులు. ఎవరికైనా చెబితే నవ్వుతారని ఎవరికీ చెప్పలేదు.

అప్పుడు సమితి లేదు, ఒక కర్ర ఉండేది. చేతులు తగిలి తగిలి నున్నబడిన పొడుగాటి కర్ర. సాయంత్రం ఎవరి గడప పక్కన ఆ కర్ర ఆనించి ఉంటే మర్నాడు కాపలా ఆ ఇంటి ఆడమనిషిది. ఆమె పశువుల పని ముగించి కర్ర పట్టుకుని కొండ ఎక్కేది. పక్క ఊళ్ళ గొడ్లు జొరబడకుండా, పచ్చి కొమ్మ ఎవరూ నరకకుండా చూసేది. దిగివచ్చి కర్రను పక్కింటి గడపకు ఆనించేది. అంతే. ఒక్క మాట కూడా ఉండేది కాదు. కాన్పయిన ఇంటిని ఆ కర్ర దానంతట అదే దాటిపోయేది. జ్వరం పడిన ఇంటినీ అంతే. ఎవరు దాటించారని ఎవరూ అడిగేవారు కాదు. నేను పుట్టకముందు ఆ కొండవాలు బోడిగా ఉండేదట. పన్నెండు మంది ఆడవాళ్ళు బాంజ్ మొక్కలు తెచ్చి నాటారు. నేను పుట్టిన ఏడాది ఎండాకాలం అమ్మ నన్ను వీపున కట్టుకుని, తల మీద బిందె పెట్టుకుని ఆ మొక్కలకు నీళ్ళు మోసిందట. ఇప్పుడు ఆ చెట్ల వేళ్ళ కిందినుంచే మా ఊరి ఊట ఊరుతుంది. గొడ్లకు ఆకు అక్కడిదే, గడ్డి అక్కడిదే.

ఆశ్వయుజంలో గడ్డికోతకు అడవి తెరిచినప్పుడు బడి ఎగ్గొట్టి నేనూ వెళ్ళేదాన్ని. పన్నెండు కొడవళ్ళు ఒకేసారి కదిలేవి. మధ్యాహ్నం రాగిరొట్టె, మత్తులేని భాంగ్ గింజల పచ్చడి. కోత అయిపోయిన చలికాలంలో ఎండ కాసే చోట చూసుకుని కూర్చుని, పిల్ల తలకాయంత కొండ నిమ్మకాయలు ఒలిచి, పెరుగూ బెల్లమూ భాంగ్ గింజల ముద్దా కలిపి, ఒకే గిన్నెలో పన్నెండు చేతులు పెట్టేవారు. నాది పదమూడో చెయ్యి. పులుపుకు కళ్ళు మూసుకుపోయేవి. అత్తల మీద, మొగుళ్ళ మీద చెప్పుకోని మాట ఉండేది కాదు. అక్కడ అమ్మ నవ్వేది. పళ్ళన్నీ కనబడేలా, వెనక్కి వాలి, పక్కవాళ్ళ తొడ మీద చరిచి మరీ నవ్వేది. మా ఇంట్లో ఆ నవ్వు నేను ఒక్కసారి కూడా వినలేదు. ఇంట్లో అమ్మ తెల్లారుజామున లేచి ఆవు పాలు పితికి, పేడ ఎత్తి, నీళ్ళు తెచ్చి, పొయ్యి రాజేసి, అందరూ తిన్నాక గిన్నె అంచున మిగిలింది తిని గడ్డికి బయల్దేరుతుంటే నాన్న ఎండలో కూర్చుని బీడీ వెలిగించుకుంటూ అనేవాడు, "ఇదిగో, బయల్దేరాయి సవారీలు షికారుకి. ఇంట్లో పనెక్కడుంది వీళ్ళకి!"

అక్కడ ఎవరినీ పేరు పెట్టి పిలిచేవారు కాదు. మా కొండల్లో పెళ్ళయిన ఆడదాన్ని పేరు పెట్టి పిలవరు. గణేశ్ తల్లి గణేశ్ ఇజా. కొడుకు పుట్టనంతకాలం పుట్టింటి ఊరి పేరే. సత్రాళి నుంచి వచ్చిన కోడలు సత్రాళీ వదిన. అమ్మకు నేనొక్కదాన్నే. కాబట్టి ఊరంతా ఆమెను పట్యూడావాలీ అనేది. నాయనమ్మ కోడలా అనేది. నాన్నకు ఒక దగ్గు సరిపోయేది. కానీ నేను నడక నేర్చిన ఏడాది, గడ్డి మోపు ఎత్తమని కేకేస్తూ గణేశ్ ఇజా మొదటిసారి "ఓ నీమా ఇజా!" అందట. మిగతావాళ్ళూ అందుకున్నారు. అది విని నాయనమ్మ, "ఆడపిల్ల పేరు మీద తల్లిని పిలుస్తారటే ఎక్కడైనా? కొడుకు పుట్టే దారి మూసుకుపోతుంది," అని మూడు రోజులు శాపనార్థాలు పెట్టింది. ఆ పన్నెండు మందీ మానలేదు. ప్రపంచంలో అమ్మను నా పేరుతో పిలిచినవాళ్ళు వాళ్ళే.

ఇలా ఉండగా ధన్ సింగ్ పెదనాన్న, నాన్నకు పెద్దనాన్న కొడుకు, మా కొండ నెత్తిన పట్నం మనిషెవరో కట్టబోయే అతిథిగృహానికి దారి ఇస్తానని మాట ఇచ్చి వచ్చాడు. దారి వెయ్యాలంటే మా బాంజ్ చెట్ల నడుమనుంచే వెయ్యాలి. అదే ఏడాది బ్లాక్ ఆఫీసు నుంచి కబురొచ్చింది: ఊరి అడవి ఇకమీదట రిజిస్టరైన సమితి చేతిలోనే ఉంటుంది, సమితి ఏది తీర్మానిస్తే అదే. సభ్యులు పద్దెనిమిది మంది. ఆడవాళ్ళు ఎక్కువమంది ఉండాలని నియమం ఉంది కాబట్టి మా పన్నెండు మందినీ ఓటరు జాబితా చూసి రాసేశారు. "రాయండి, రాయండి. వాళ్ళేమైనా మాట్లాడతారా ఏంటి? గడ్డి కోసుకుంటూ ఉంటారు," అన్నాడట ధన్ సింగ్ పెదనాన్న.

మొదటి మీటింగ్ బడి వరండాలో జరిగింది. ఆఫీసు నుంచి లోహనీ సాబ్ వచ్చాడు. ఒక పక్క బెంచీల మీద ఆరుగురు మగవాళ్ళు, ఇంకో పక్క నేల మీద పన్నెండు మంది ఆడవాళ్ళు, నడుముకు కొడవళ్ళు దోపుకుని. నేను కిటికీ దగ్గర నిలబడ్డాను. సాబ్ జాబితా తీసి హాజరు పిలిచాడు. మగవాళ్ళు ఆరుగురూ పలికారు. తర్వాత "సరూలీ దేవి!" అన్నాడు. ఎవరూ పలకలేదు. "సరూలీ దేవి!" మళ్ళీ పిలిచాడు. సత్రాళీ వదిన గణేశ్ ఇజా చెవిలో, "ఎవరక్కా ఈ సరూలి? మనూళ్ళో ఉందా అసలు?" అని గుసగుసగా అడిగింది. గణేశ్ ఇజా ముసుగు ఇంకాస్త కిందికి లాక్కుంది. ఆ సరూలి ఆమే.

ఖిమూలీ దేవి. మధూలీ దేవి. బచూలీ దేవి. పన్నెండు పేర్లూ అయిపోయాయి. ఒక్క గొంతూ లేవలేదు. సాబ్ అందరి ఎదుటా అడ్డగీతలు గీసి, "ఆరుగురే హాజరు. మీటింగ్ జరగాలంటే కనీసం పన్నెండు మంది ఉండాలి. పదిహేను రోజుల తర్వాత మళ్ళీ పెడతాను. అప్పుడూ ఇంతే అయితే ఊరి ప్రధాన్ సిఫారసు చేసినవాళ్ళతోనే సమితి వేసేస్తాం," అన్నాడు. ప్రధాన్ అంటే ధన్ సింగ్ పెదనాన్న బావమరిది. ఎదురుగా కూర్చుని ఊపిరి పీలుస్తున్న పన్నెండు మందీ కాగితం మీద లేరు. వాళ్ళలో నలుగురి పేర్లు నాకు తెలుసు, నా స్నేహితుల పరీక్ష దరఖాస్తుల్లో తల్లి పేరు గడిలో చూశాను. ఒక్క మాట అంటే సరిపోయేది. నా నోరు పెగల్లేదు. బెంచీల మీద అంతమంది పెద్దవాళ్ళున్నారు.

మర్నాడు గడ్డి దగ్గర పెద్ద గొడవైంది. "నీ పేరే పిలుస్తుంటే పలకవేంటక్కా?" అని సత్రాళీ వదిన నిలదీసింది.

"ఎదురుగా మామగారు, పక్కన బావగార్లు. వాళ్ళ ముందు ఆ పేరు నాదేనని అరవమంటావా?" అంది గణేశ్ ఇజా. కొడవలి నేలకు గుచ్చి అంది, "ఇరవై ఆరేళ్ళయిందే ఆ పేరు విని. వినగానే మా అమ్మ ఎక్కడో పెరట్లోంచి పిలుస్తున్నట్టుంది. కళ్ళలో నీళ్ళొచ్చాయి. నోరు రాలేదు."

"నేను పింఛను లిస్టు అనుకున్నా," అంది పై ఇంటి ఆమ. "పలికితే, ఇంకా బతికే ఉన్నావా ముసలిదానా అని ఆపేస్తారేమోనని ఊరుకున్నా."

అందరూ పడీపడీ నవ్వారు. తర్వాత ఎవరూ నవ్వలేదు. గణేశ్ ఇజా నావైపు తిరిగి, "నీమా, నువ్వు చదువుకున్నదానివి. ఆ జాబితా రాసుకురా. రోజూ ఇక్కడ హాజరు పిలువు. పలకడం నేర్చుకుంటాం," అంది.

ఆ పదిహేను రోజులే నేను చెబుతున్నది. నాకు గట్టిగా మాట్లాడటం రాదు. మొదటి రోజు పేర్లు గొణిగాను. "ఏమే, నీ పేరు కూడా నువ్వు పిలుచుకోలేవా ఏంటి?" అని ఆటపట్టించారు. మూడో రోజుకు గొంతు లేచింది. పిలిస్తే వెంటనే పలకనివాళ్ళు పక్కవాళ్ళ మోపు మలుపుదాకా మొయ్యాలని పై ఇంటి ఆమ పందెం పెట్టింది. నాలుగో రోజుకల్లా నేను పిలవాల్సిన పనే లేకపోయింది. కొండకు ఆ చివరనుంచి "ఓ సరూలీ!" అని ఒకరు, ఈ చివరనుంచి "ఓయ్!" అని ఒకరు. డెబ్బై ఏళ్ళ ముసలామెను పట్టుకుని సత్రాళీ వదిన "ఏయ్ ఖిమూలీ, నీ మోపు జారుతోంది చూసుకో!" అంటే ఆమ, "మా నాన్న కూడా ఇంత గదమాయించలేదే నన్ను!" అని మురిసిపోయింది. పేర్లు లోయ దాటి అవతలి కొండకు తగిలి మళ్ళీ మా దగ్గరకొచ్చేవి. అప్పుడు వాళ్ళు కోడళ్ళలా లేరు, తల్లుల్లా కూడా లేరు. నా క్లాసు పిల్లల్లా ఉన్నారు.

ఒక్క అమ్మ మాత్రం పలికేది కాదు. జాబితాలో పార్వతీ దేవి, భర్త కిషన్ సింగ్ అని ఉంది. "పార్వతీ!" అంటే తల ఎత్తేది కాదు. రోజూ పందెం ఓడిపోయి రెండు మోపులు మోసేది. ఎనిమిదో రోజు గణేశ్ ఇజాకు విసుగొచ్చింది. "నీ మెడ విరిగేదాకా మోస్తావా? పలకవే పార్వతీ!"

అమ్మ మోపు దించింది. "పార్వతి నేను కాదు," అంది. "మా ధన్ సింగ్ బావ చెల్లెలు పార్వతి. రేషన్ కార్డు రాయించేటప్పుడు ఆఫీసులో భార్య పేరేంటని అడిగారట. ఈయనకు తెలీదు. గుర్తొచ్చిన ఆడపేరు చెప్పి వచ్చారు. ఓటరు కార్డుకీ అదే పోయింది."

ఆరో క్లాసు నుంచి ప్రతి దరఖాస్తులో తల్లి పేరు గడిలో నేను గుండ్రటి అక్షరాలతో పార్వతీ దేవి అని రాస్తున్నాను. అమ్మ పక్కనే కూర్చుని, ఎంత బాగా రాస్తుందో నా కూతురు, అని చూసేది. "ఇన్నాళ్ళూ చెప్పలేదేం?" అన్నాను.

"అప్పుడే చెప్పాను. మీ నాయనమ్మ అంది కదా, పేరు ఏదైతే ఏంటి, ఆవు పాలివ్వడం మానేస్తుందా అని. నిజమేగా. పిలిచేవాళ్ళెవరున్నారు?"

కింద ఎక్కడో ఆవు మెడగంట మోగుతోంది. "మరి నీ పేరు?" అని అడిగింది పై ఇంటి ఆమ. అమ్మ గడ్డి పరకను వేలికి చుట్టుకుంది. పద్నాలుగేళ్ళదాన్ని నేను, నాకూ తెలీదు, నేనెప్పుడూ అడగలేదు. "హరూలి," అంది చివరికి, తప్పు చేసినట్టు.

"ఓ హరూలీ!" అని సత్రాళీ వదిన లోయలోకి అరిచింది. లోయ కూడా అరిచింది. అమ్మ చెవులు మూసుకుంది, మూసుకుని నవ్వింది, తర్వాత ముసుగులో ముఖం దాచుకుని ఏడ్చింది. ఆ రోజు నుంచి ఒక వారం పాటు అందరికంటే ఎక్కువగా వినబడింది ఆ పేరే. గడ్డి కోసినా, నీళ్ళు తాగినా, తుమ్మినా హరూలి. ఇంటికి దిగే మలుపు దగ్గర మాత్రం ఎవరూ చెప్పకుండానే అందరూ నోరు మూసుకునేవారు. అక్కడినుంచి మళ్ళీ ఆమె నీమా ఇజా, ఇంకొంచెం దిగితే పట్యూడావాలీ, గడప దాటితే కోడలా.

రెండో మీటింగ్ రోజు మగవాళ్ళు ఆరుగురూ లోపలికి రాలేదు. బయట ప్రహరీ మీద వరసగా కూర్చుని బీడీలు కాల్చుకుంటున్నారు. వాళ్ళకు లెక్క తెలుసు. పన్నెండు మంది ఉండాలి, ఆడవాళ్ళు సరిగ్గా పన్నెండు మంది. ఒక్కరు పలకకపోయినా చాలు. సాబ్ గుమాస్తా రాలేదని నన్ను పిలిచి బల్ల దగ్గర కూర్చోబెట్టి మినిట్స్ పుస్తకం ముందు పెట్టాడు.

"సరూలీ దేవి!"

"హాజర్!" గణేశ్ ఇజా ముసుగులోంచే, కానీ కొండ మీద పలికినట్టే పలికింది. సాబ్ ఉలిక్కిపడి కళ్ళజోడు సర్దుకున్నాడు. ఖిమూలీ దేవి, హాజర్. మధూలీ దేవి, హాజర్. ఒక్కో పేరుకూ బయట ప్రహరీ మీద మాటలు తగ్గుతూ వచ్చాయి. పదకొండు అయ్యాయి. "పార్వతీ దేవి!"

"హాజర్," అంది అమ్మ.

వెంటనే ధన్ సింగ్ పెదనాన్న కిటికీలోంచి తల పెట్టాడు. "సాబ్, తప్పు! పార్వతి నా చెల్లెలు. పెళ్ళి చేసుకుని అత్తారింట్లో ఉంది. ఈవిడ పార్వతి కాదు. అడగండి కావాలంటే!"

సాబ్ అమ్మ వైపు తిరిగాడు. "ఏమమ్మా, నీ పేరు పార్వతేనా?"

అవును అంటే అయిపోయేది. చేతిలో కార్డుంది, దాని మీద ఆ పేరే ఉంది. అవును అను అమ్మా అని నేను లోలోపల వేడుకున్నాను. పదిహేనేళ్ళ చెట్లు, ఊట, ఆ పదిహేను రోజులు, అన్నీ ఆ ఒక్క మాట మీద ఆగి ఉన్నాయి. బావగారు కిటికీలో ఉన్నాడు కాబట్టి అమ్మ ముసుగు గడ్డం దాకా దిగి ఉంది. "కాదు సాబ్," అంది.

సాబ్ పెన్ను కింద పెట్టాడు. "మరి నువ్వెవరు? ఎలా నమ్మేది? మీ ఆయన్ని పిలవండి."

నాన్న బీడీ ఆర్పి లోపలికొచ్చాడు. సాబ్ అడిగాడు, "కిషన్ సింగ్, ఈవిడ నీ భార్యేనా?" నాన్న తల ఊపాడు. "పేరు చెప్పు." నాన్న నవ్వాడు, ఇంటిదాని పేరు నలుగురిలో చెప్పమంటే మగవాళ్ళు నవ్వే నవ్వు. సాబ్ నవ్వలేదు. "పేరు," అన్నాడు మళ్ళీ. నాన్న టోపీ తీసి పెట్టుకున్నాడు. ధన్ సింగ్ వైపు చూశాడు. పైకప్పు వైపు చూశాడు. తర్వాత నా వైపు చూశాడు, నువ్వైనా అందించవే అన్నట్టు. నేను పుస్తకంలోకి చూశాను. పదహారేళ్ళ కాపురం. ఆయన ముఖం మెల్లగా ఎర్రబడటం చూస్తే నాకు జాలేసింది కూడా.

"హరూలి," అంది గణేశ్ ఇజా.

"హరూలి," అంది పై ఇంటి ఆమ.

తర్వాత ఎవరు ముందు ఎవరు వెనక అని తెలీలేదు. పదకొండు గొంతులు, మామగార్లూ బావగార్లూ వింటుండగా, అమ్మను పేరు పెట్టి పిలిచాయి. అమ్మ ముసుగు వెనక్కి జారింది. ఆమె దాన్ని మళ్ళీ ముందుకు లాక్కోలేదు. సాబ్ నియమాల పుస్తకం తీసి పేజీలు తిప్పి, "జాబితాలో పేరు తప్పు పడితే తెలిసినవాళ్ళు సాక్ష్యం చెప్పి సరిదిద్దుకోవచ్చు. పన్నెండు మంది హాజరు. మీటింగ్ మొదలు," అని, టీ గ్లాసు అందుకుంటూ అలవాటుగా నాకు చెప్పుకుపోయాడు: "రాసుకో అమ్మాయ్. జాబితాలోని పార్వతీ దేవి పేరును, భర్త కిషన్ సింగ్ ధ్రువీకరించిన మేరకు..."

నాన్న గోడకు ఆనుకుని నిలబడి నన్నే చూస్తున్నాడు. నేను జీవితంలో పెద్దవాళ్ళు చెప్పింది చెప్పినట్టు రాయకుండా ఉన్నది అదొక్కసారే. భర్త అన్న మాట రాయలేదు. ఆ పుస్తకంలో మొదటి పేజీలో నా అక్షరాలు ఇప్పటికీ అలాగే ఉన్నాయి, సాబ్ వాటి కిందే సంతకం పెట్టాడు: "పార్వతి అన్నది తప్పు. ఆమె పేరు హరూలి. ఆమెతో గడ్డి కోసే పదకొండు మంది చెప్పారు. ఇంట్లో ఎవరికీ తెలియదు, రాస్తున్న నాకూ మొన్నటిదాకా తెలియదు."